అరగంట గంట

కాలేజీలో గంట కొట్టే అటెండరుకు ఎడమ మోకాలు వంగదు. మెట్లన్నీ పక్కవాటుగా ఎక్కుతాడు. ఒకప్పుడు ఇదే కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్. పరీక్ష మొదలైన అరగంటకు ఆయన గంట కొడితే ఇక ఎవరినీ లోపలికి రానివ్వరు. గడియారమైనా తప్పుతుందేమో గానీ ఆయన గంట తప్పదని లెక్చరర్ల నవ్వులాట.

డిగ్రీ ఆఖరి పరీక్ష రోజున, ఇప్పటి జట్టు కెప్టెనమ్మాయి ఆట కిట్టు సంచి భుజాన వేసుకుని గేటు దగ్గరే ఆగిపోయింది. "సెలక్షన్లకి తీసుకెళ్లే ఫుట్‌బాల్ క్లబ్బు బస్సు వచ్చేసింది బాబాయ్. పరీక్షదేముంది, తర్వాత రాసుకుంటాలే."

"నేనూ అదే అన్నానమ్మా," అన్నాడు మోకాలు తడుముకుంటూ. ఆ పిల్ల నవ్వేసి బస్సెక్కింది.

పరీక్ష మొదలై అరగంట దాటింది. ఆయన సుత్తి పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఏమయ్యా, నిద్రపోయావా? ఐదు నిమిషాలు దాటింది!" ప్రిన్సిపాల్ పైనుంచి కేకేశాడు.

"వస్తుందేమోనని సార్..."

గంట కొట్టాడు, గేటు అవతలికి వినపడకూడదన్నంత మెల్లగా.