చాపల మీద వినబడని కీర్తన

మాదాపూర్‌లో బండలు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజుల్లో మా సంఘం ఒక రేకుల షెడ్డులో కూడేది. ప్రతి ఆదివారం కీర్తన చదివేది రాళ్లు కొట్టే ఒక పెద్దాయన. బైబిలు చదవడం కోసమే నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్న మనిషి.

నేను గుంటూరు వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. దేవునికి నా చేతులతో ఏదైనా చేయాలని నిలువెత్తు స్పీకర్లు రెండు తయారుచేశాను. పెట్టెలు బాలానగర్‌లో కోయించాను. కింద, నేలకు దగ్గరగా లావు శబ్దాల ఊఫర్, పైన సన్నని శబ్దాల ట్వీటర్. ఏ శబ్దం దేనికి వెళ్లాలో విడదీసే క్రాసోవర్‌కు తీగచుట్టలు నేనే చుట్టాను. కొలతలన్నీ ఒక విదేశీ పుస్తకంలోవి. కుర్చీలో కూర్చుని విని మురిసిపోయాను.

ఆ ఆదివారం పెద్దాయన చదువుతుంటే చాపల మీదివాళ్లు ముఖాలు చూసుకున్నారు.

"ఏం సమజైతలేదు" అంది ఒక అక్క.

"డబ్బాలు కొత్తయి, తాత నోరు పాతదాయె" అని పక్కనామె నవ్వింది.

నేను లేచి అందరి ముందూ అన్నాను: "తాతగారూ, మాటలు మింగేస్తున్నారండి. కొంచెం నోరు తెరిచి చదవండి."

ఆయన బైబిలు మూశాడు. "ఇగ నువ్వే చదువు, తమ్మీ."

చదివాను. చదువుకున్నవాణ్ణి కదా, నన్నెవరూ ఏమీ అనలేదు.

రెండు వారాల తర్వాత షెడ్డులో ఉన్న నాలుగైదు కుర్చీల్లో నాది ఒక నిండు గర్భిణికిచ్చి చాప మీద కూర్చున్నాను. ఇంకో సహోదరుడు చదువుతున్నాడు. కుండలో మాట్లాడుతున్నట్టు ఒకటే హోరు. లేచి నిలబడితే ప్రతి మాటా స్పష్టం. మాటకు పదునిచ్చే ట్వీటర్ తలల మీదుగా పోతోంది, చెవుల దగ్గర ఊఫర్ మూలుగుతోంది. ఆ పుస్తకం కుర్చీల్లో కూర్చునేవాళ్లకు రాసింది. మా సంఘం నేల మీద కూర్చుంటుందని నాకు తోచనే లేదు.

ఆ వారంలోనే ట్వీటర్ కిందికి వచ్చేలా పెట్టెల్ని తలకిందులు చేసి, హోరు తగ్గడానికి గోడ నుంచి ముందుకు జరిపాను. ఆదివారం అందరూ మెచ్చుకున్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను.

గేటు దగ్గర పెద్దాయన్ని ఆపాను. "తప్పు మీ నోటిది కాదండి. నా పెట్టెలది."

"నాకొక్కనికి చెప్తే ఏమొస్తది తమ్మీ? నువ్వన్నది అందరు ఇన్నరు. గా ముచ్చట లోపట్నే చెప్పు, మళ్ల చదువుత."

నొచ్చుకున్న సహోదరునితో సమాధానపడ్డాకే దేవునికి అర్పణ తేవాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాణ్ణి. మరుసటి ఆదివారం, ఎవరి మాట వాళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ మైకు తీసుకున్నాను. అమ్మకు జ్వరం తగ్గినందుకు దేవునికి స్తోత్రం చెప్పి కూర్చున్నాను. ఆ పై ఆదివారం ఇంకేదో చెప్పాను.

పెద్దాయన చివరి చాప మీద, మూసిన బైబిలు ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. అక్కడికి కూడా నా ప్రతి మాటా స్పష్టంగా వినబడుతుందని నాకు తెలుసు.