ఇరవై ఐదు కరెంట్లు

గర్భసంచి ముఖద్వారంలో గడ్డ తేలాక నాకు పొత్తికడుపు మీద రేడియేషన్ ఇచ్చారు. ఆసుపత్రిలో అందరూ దాన్ని కరెంటు పెట్టడం అంటారు. వారానికి ఐదు చొప్పున ఇరవై ఐదు. కల్లూరులో ఒక్కదాన్నే ఉంటున్నాను. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి, కడపలో ఉన్న చెల్లెలికి కూడా చెప్పకుండా, రోజూ షేర్ ఆటోలో వెళ్లొచ్చేదాన్ని.

బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీది సిరా గుర్తులు సరిచూసి, కదలొద్దని చెప్పి అందరూ బయటికి పోతారు. బరువైన తలుపు మూసుకుంటుంది. నొప్పి ఉండదు, వేడీ ఉండదు. యంత్రం చుట్టూ తిరుగుతుంటే పైకప్పు చూస్తూ ఉండడమే.

మొదటి వారమే వికారం పట్టుకుంది. ఇంటికి చేరిన గంటకే మొదలయ్యేది. జొన్నరొట్టె కాలే వాసన నాకు ప్రాణం, అదే భరించలేకపోయాను. మూడో వారానికి విరేచనాలు మొదలయ్యాయి. పేగు లోపలి పొర కొద్దిరోజులకోసారి కొత్తగా పుడుతుంటుందని, త్వరగా పెరిగే కణాలను ఆ కిరణాలు ముందు దెబ్బతీస్తాయని, అందుకే గడ్డతో పాటు పేగూ పుండవుతుందని డాక్టరమ్మ చెప్పింది.

రోజూ మజ్జిగ పంపే పక్కింటామె, నాకు కరెంటు పెడుతున్నారని తెలిశాక పంపడం మానేసింది. ఆ కిరణాలు ఒంట్లో మిగలవని, ఎవరికీ అంటవని చెబుదామని ఆమె గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

ఒకరోజు ఆటోలోనే వాంతి అయింది. పక్కన కూర్చున్న కూలి మనిషి నా నుదురు పట్టుకుంది. తన సీసాలో నీళ్లిచ్చింది. పని మానుకుని ఆసుపత్రి దగ్గర నాతోనే దిగి, నేను బయటికొచ్చేదాకా కూర్చుంది.

“నీకెవురూ లేరామ్మా?” అని అడిగింది.

చెల్లెలుందని, చెప్పలేదని అన్నాను.

“చెప్పకుంటే ఎట్ల తెలుస్తాది? ఉండే చెల్లెల్ని లేనట్ల చేస్తాండావు.”

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. చెల్లెలికి అంతా చెప్పాను.

“ఇన్ని దినాలూ నాతో ఫోన్లో ఎండల గురించే మాట్లాడినావు గదక్కా,” అంది.

మర్నాడే వచ్చింది. నాలుగు రోజులు గంజి కాచి పోసింది, తన ఉద్యోగానికి వెళ్లిపోయింది. మిగిలిన కరెంట్లకు ఒక్కదాన్నే వెళ్లాను. ఆ కూలి మనిషి మళ్లీ కనిపించలేదు.

చివరిది అయిన రెండు వారాలకు వికారం పోయింది. గడ్డ కరిగిందన్నారు. పేగు మాత్రం పూర్తిగా తేరుకోలేదు. ఎక్కడికి పోవాలన్నా మరుగుదొడ్డి ఎక్కడుందో ముందు కనుక్కుంటాను. మొన్న తోటి టీచర్లు బడి పిల్లలను గండికోట చూపించడానికి తీసుకుపోతూ నన్నూ రమ్మన్నారు. రానన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.