శాంపిలన్న కడుపుమంట

ఆ వర్క్‌షాపులో లేత్ మెషిన్లు ఎనిమిది. కిటికీ పక్కనున్న నాలుగో మెషిను ముందు పందొమ్మిదేళ్ళుగా ఒకే మనిషి నిలబడుతున్నాడు. అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉండేది గానీ, అందరికీ అతను శాంపిలన్నే. ఎవరు ఏ పని తెచ్చినా ముందు అతను అడిగే మాట ఒకటే, "శాంపిలేది?" అని. అరిగిపోయిన షాఫ్టో, విరిగిన బుష్షో చేతిలో పెడితే చాలు. అటూ ఇటూ తిప్పి చూసి, కొలతలు తీసి, సాయంత్రం అయ్యేసరికి దానికి కవలపిల్లలాంటి దాన్ని చేసి బల్ల మీద పెట్టేవాడు. ఏది పాతదో ఏది కొత్తదో మెరుపును బట్టి చెప్పాల్సిందే.

డ్రాయింగు కాగితం తెస్తే మాత్రం చేత్తో ముట్టుకునేవాడు కాదు. "కాగితానికి బరువుంటుందా, అరుగుదలుంటుందా? వస్తువు తెండి" అనేవాడు. జనం దాన్ని పనిమంతుడి పొగరనుకుని నవ్వుకునేవాళ్ళు. నిజానికి కాగితం మీది గీతలు చూస్తే అతనికి బుర్ర తిరిగేది. అందులో ఏది ముందువైపో ఏది పక్కవైపో బోధపడేది కాదు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

అలాంటి చోటికి తోడల్లుణ్ణి తెచ్చి పెట్టింది అతనే. భార్య చెల్లెలి మొగుడు పని చేసే దుకాణం మూతపడితే, మరదలు ఏడుపుమొహం చూడలేక ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పాడు. కుర్రవాడికి రాడ్డు బిగించడం నేర్పాడు, టూలుకు పదును పెట్టడం నేర్పాడు, వేడి ఇనుప తునకలు మొహం మీదికి ఎగరకుండా ఎక్కడ నిలబడాలో భుజం పట్టుకుని నిలబెట్టి చూపించాడు. మొదటి రెండేళ్ళు బాగానే గడిచాయి. "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ వెంట తిరుగుతుంటే శాంపిలన్నకు లోపల ఎంతో హాయిగా ఉండేది.

మూడో ఏడు తోడల్లుడు ఆదివారాలు డ్రాయింగు క్లాసుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. పరీక్ష రాశాడు, పాసయ్యాడు. ఓనరు అతన్ని అద్దాల గదిలోకి మార్చాడు. వచ్చిన డ్రాయింగులన్నీ చూసి, ఏ మెషిను మీద ఏం చేయాలో పని చీటీ రాసి ఇవ్వడం ఇప్పుడు అతని పని. నిన్నటిదాకా తన వెనక నిలబడ్డవాడి చేతిరాత ప్రకారం శాంపిలన్న రాడ్డు కోయాలి.

అక్కణ్ణించి అతనికి అన్నీ కనపడసాగాయి. గదిలోని కుర్చీ కనపడింది. ఆ కుర్చీ మీది ఫ్యాను కనపడింది. తోడల్లుడి చొక్కా మీద నూనె మరకలు లేకపోవడం, జేబులో రెండు పెన్నులు ఉండడం కనపడ్డాయి. ఒకటి సరిపోదా అనుకునేవాడు.

అత్తగారింట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. ఒకసారి ఆవిడ నీళ్ళ మోటారు ఆగిపోతే శాంపిలన్న పొద్దున్నే వెళ్ళి, నేల మీద పడుకుని, మూడు గంటలు కుస్తీపట్టి బాగు చేశాడు. నీళ్ళు వచ్చాయి. అతను చేతులు కడుక్కుంటుంటే ఆవిడ ఫోనులో చిన్నల్లుడితో అంటోంది, తీరికైతే వచ్చి ఒకసారి మోటారు చూసి పొమ్మని, నువ్వు చూస్తే నాకు ధైర్యంగా ఉంటుందని. శాంపిలన్న ఆవిడ పెట్టిన ఫలహారం వదిలేసి, కడుపులో బాగాలేదని చెప్పి వచ్చేశాడు. ఒక రకంగా అది నిజమే.

"మరిది పైకొస్తే మనకు మాత్రం సంతోషం కాదా?" అంది భార్య.

"సంతోషంగానే ఉన్నాను," అన్నాడతను. ఆ మొహం చూసి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తోడల్లుడు గర్వపడి ఉంటే శాంపిలన్న బతికిపోయేవాడు. తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. కానీ ఆ మనిషి మారలేదు. ఒకరోజు చీటీలో ఏదో అర్థంకాక శాంపిలన్న మెషిను దగ్గరే తటపటాయిస్తుంటే, గదిలోంచి తనే లేచి వచ్చాడు. డ్రాయింగు పరిచి, వేలు పెట్టి, గొంతు తగ్గించి, "ఇది పైనుంచి చూస్తే కనపడేది అన్నయ్యా. ఇదేమో పక్కనుంచి" అని చిన్నపిల్లాడికి అక్షరాలు దిద్దించినంత ఓపికగా చెప్పాడు. పక్క మెషిన్లవాళ్ళు వినకూడదని గొంతు తగ్గించాడని శాంపిలన్నకు అర్థమైంది. తిట్టినా బాగుండేది. ఆ జాలికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ సాయంత్రమే అతను డ్రాయింగు క్లాసు ఎక్కడో కనుక్కుని వెళ్ళాడు. బాగుపడదామని కాదు, పెద్ద ఉద్యోగం కొడదామనీ కాదు. వాడు చూసి పంపిన కాగితంలో ఒక్క తప్పు పట్టాలి. అందరి ముందూ పట్టాలి. అంతే.

రిటైరైన డ్రాయింగు టీచరమ్మ తన ఇంటి ముందుగదిలో ఆరు బల్లలు వేసి పాఠం చెప్పేది. తక్కినవాళ్ళందరూ అతని కూతురి ఈడువాళ్ళు. నలభైనాలుగేళ్ళ మనిషి మోకాళ్ళు ఆ బల్ల కింద పట్టేవి కావు. ఈ వయసులో ఎందుకని ఆవిడ అడిగితే పని కోసమన్నాడు. వర్క్‌షాపులో మాత్రం ఆదివారాలు మోకాలికి వైద్యం చేయించుకుంటున్నానని చెప్పాడు. వాళ్ళు నమ్మి, నొప్పి ఎలా ఉందని వారం వారం పరామర్శించేవాళ్ళు.

మొదటి నాలుగు నెలలూ నరకమే. గీతలు గీతల్లాగే ఉండేవి గానీ వస్తువుగా లేచి నిలబడేవి కావు. ఇనుము కోసే చేతులు పెన్సిలును కూడా ఇనుములాగే నొక్కేవి. కాగితం చిరిగిపోయేది. మూడో కాగితం చిరిగిన రోజు టీచరమ్మ వెనక నిలబడి చాలాసేపు చూసింది.

"ఎవరి మీదయ్యా కోపం?" అంది.

"ఎవరి మీదా లేదండి."

"ఉంటే ఉండనీ. కానీ దాన్ని పెన్సిలు మీద నొక్కకు. విరుగుతుంది."

ఆవిడే ఒక ఉపాయం కూడా చెప్పింది, బొమ్మ అర్థం కాకపోతే సబ్బుబిళ్ళ కోసి చూడమని. చేతికి వస్తువు తగిలితే తప్ప బుర్ర పనిచేయని మనిషని ఆవిడ పసిగట్టింది. అప్పట్నుంచి ఇంట్లో సబ్బులు మాయమవసాగాయి. అతను కాగితం చూసి సబ్బును మెట్లుగా, గాడులుగా, చిల్లులుగా చెక్కేవాడు. చెక్కిందాన్ని పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి చూసి మళ్ళీ కాగితం మీద పెట్టేవాడు. స్నానానికి మెట్లున్న సబ్బు దొరికితే భార్య కొన్నాళ్ళు సణిగి, తర్వాత అలవాటుపడింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, సబ్బు తీయకుండానే, కాగితం మీది బొమ్మ అతని కళ్ళ ముందు గుండ్రంగా తిరిగింది. వెనకవైపు కూడా కనపడింది. కుర్చీలోంచి లేచి, గదిలో అటూ ఇటూ నడిచి, మళ్ళీ వచ్చి చూశాడు. ఇంకా కనపడుతూనే ఉంది.

ఇక వేట మొదలైంది. తోడల్లుడి గదిలోంచి వచ్చే ప్రతి చీటీనీ, గోడకు తగిలించిన డ్రాయింగుతో దొంగచాటుగా పోల్చి చూసేవాడు. తన పనివే కాదు, ఎనిమిది మెషిన్లవీ చూసేవాడు. తప్పు దొరికేది కాదు. నెలలు గడిచాయి. రెండు వందల కాగితాలైనా చదివి ఉంటాడు. వాడి కొలతలు సరిపోయేవి, వాడి గుర్తులు సరిపోయేవి. కష్టమైన పనుల్లో ఏది ముందు కోయాలో వాడు రాసిన వరుస ఎంత తెలివిగా ఉందో అర్థమయ్యేకొద్దీ శాంపిలన్నకు నిద్ర తగ్గింది. అర్థంకాని రోజుల్లో వాడి మీద కాస్త అనుమానమైనా ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఈ గొడవలో పడి, తను ఎంత నేర్చుకున్నాడో మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

క్లాసులో చేరిన పద్నాలుగో నెలలో తప్పు దొరికింది.

కొత్త పార్టీ నుంచి అరవై పంపుమూతలు వచ్చాయి. ఒక్కొక్క దానికీ పక్కన నూనె వెళ్ళడానికి చిల్లు వేయాలి. చిల్లులు వేసే మనిషి సెలవులో ఉంటే ఆ పని శాంపిలన్నకు పడింది. చీటీలో చిల్లు ఎడమవైపని ఉంది. గోడ మీది డ్రాయింగు దగ్గరికి వెళ్ళి చూశాడు. కాగితం మూలన రెండు వలయాలూ, వాటి పక్కన మొన కోసేసిన గరాటులాంటి చిన్న గుర్తూ ఉన్నాయి. పక్క బొమ్మని ఏ వైపు నుంచి చూసి గీశారో చెప్పేది ఆ గుర్తే. ఈ వర్క్‌షాపుకు వచ్చే కాగితాలన్నీ ఒక రకంగా ఉంటాయి. ఇది రెండో రకం, ఇందులో కుడి ఎడమలు తారుమారుగా చదవాలి. తోడల్లుడు తొందరలో గుర్తు చూడకుండా అలవాటు ప్రకారం చదివేశాడు. చిల్లు కుడివైపు ఉండాలి.

శాంపిలన్న గదివైపు చూశాడు. తోడల్లుడు ఫోనులో మాట్లాడుతూ రాసుకుంటున్నాడు. వెళ్ళి చెప్పొచ్చు. చెబితే చీటీ దిద్దుతాడు, అయిదు నిమిషాల్లో అందరూ మరిచిపోతారు. అదే అరవై మూతలూ పాడైపోతే ఎవరూ మరిచిపోరు.

మొదటి మూత బిగించి, చీటీలో ఉన్నట్టే ఎడమవైపు చిల్లు వేశాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

పదకొండు పూర్తయ్యాయి. పదకొండోదాన్ని విప్పి, గుడ్డతో తుడిచి, అలవాటుగా చిల్లు అంచున బొటనవేలు తిప్పాడు. గరుకు తగిలితే ఆకురాయి తీసి నునుపు చేయసాగాడు. చేస్తూ చేస్తూ ఆగిపోయాడు. ఎందుకూ పనికిరాని మూతకు తను అంచు నునుపు చేస్తున్నాడు. ఈ పందొమ్మిదేళ్ళలో తెలిసి తెలిసి ఒక్క చెడ్డ ముక్క ఆ బల్ల మీద పెట్టలేదు. ఇప్పుడు పదకొండు వరసగా ఉన్నాయి, ముద్దుగా తుడిచి పెట్టినవి. పన్నెండోది బిగించడానికి చెయ్యి రాలేదు.

మెషిను ఆపి, డ్రాయింగు తీసుకుని అద్దాల గదికి వెళ్ళాడు. అందరి ముందూ అనడానికి ఏడాదిగా తయారుచేసుకున్న మాటలు చాలా ఉన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే.

"ఈ గుర్తు చూడు."

తోడల్లుడు చూశాడు. మొహంలో రంగు పోయింది. ఎన్ని అయ్యాయని అడిగి, పదకొండని విని, సరాసరి ఓనరు దగ్గరికి నడిచాడు. తప్పు తనదేనని, అన్నయ్య చూడబట్టి నలభైతొమ్మిది మిగిలాయని నిలబడి చెప్పాడు. నీళ్ళు నమలలేదు, ఎవరి మీదికీ నెట్టలేదు. ఓనరు అతన్ని నాలుగు మాటలని, శాంపిలన్న వైపు తిరిగి, నీకు డ్రాయింగు ఎప్పుడొచ్చిందయ్యా అని ఆశ్చర్యపోయాడు. పక్క మెషిన్లవాళ్ళు భుజం తట్టారు. మోకాలి వైద్యం సంగతి బయటపడి అందరూ నవ్వారు. ఇక నుంచి ప్రతి డ్రాయింగునూ ఇద్దరూ చూడాలని ఓనరు అప్పటికప్పుడే చెప్పేశాడు.

కోరుకున్నది దొరికింది. అయినా లోపలి మంట చల్లారకపోగా ఎగసింది. తప్పు ఒప్పుకోవడంలో కూడా వాడిదే పైచేయి. తను ఆ పదకొండింటి సంగతి నోరెత్తి చెప్పలేకపోతున్నాడు.

మూడు రోజులు ఓర్చుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రం బళ్ళు పెట్టే చోట తోడల్లుణ్ణి ఆపాడు.

"మొదటి మూతకే తెలుసు నాకు."

తోడల్లుడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "పదకొండు దాకా ఎందుకాగావు?" అన్నాడు.

"నీకు చెడ్డపేరు రావాలని."

తోడల్లుడు హెల్మెట్ పెట్టుకుని బండి తీశాడు. ఆ తర్వాత నలభై రోజులు మాట్లాడలేదు. డ్రాయింగులు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. అక్కచెల్లెళ్ళ ఫోన్లు కూడా పొట్టివైపోయాయి. ఏమైందని భార్య అడిగితే శాంపిలన్న దాచకుండా చెప్పాడు. ఆవిడ ఆ రోజంతా అతని వైపు చూడలేదు. మర్నాడు మాత్రం, "చెప్పినందుకైనా నయం" అంది.

అతను పదకొండు మూతలనూ పారేయనివ్వలేదు. ఓనరును అడిగి, రెండు ఆదివారాల సాయంత్రాలు ఒక్కడే కూర్చున్నాడు. తప్పు చిల్లుల్లో మర కోసి, ఇనుప బిరడాలు బిగించి, పైన చదును చేసి, సరైన వైపు కొత్త చిల్లులు వేశాడు. నూనె పోసి ఒత్తిడి పెట్టి చూస్తే ఎనిమిది నిలబడ్డాయి, మూడు కారాయి. అతుకు సంగతి ఓనరు చెబితే పార్టీ ఆ ఎనిమిదీ తీసుకుంది. వాటిని తనిఖీ చేసి సంతకం పెట్టాల్సింది తోడల్లుడే. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు. అతుకు ఎక్కడుందో వేలితో వెతుక్కున్నాడు. మాట్లాడకుండానే సంతకాలు పెట్టాడు.

తర్వాతి వారం ఒక చుట్ట చుట్టిన డ్రాయింగు పట్టుకుని నాలుగో మెషిను దగ్గరికి వచ్చాడు.

"ఇది నువ్వొకసారి చూడు. నేను చూశాను గానీ మూడో బొమ్మ దగ్గర అనుమానంగా ఉంది." కాగితం చేతికిస్తూ, "నా కోపం ఇంకా పోలేదు" అన్నాడు.

"ఉండనీ," అన్నాడు శాంపిలన్న. చేతులు తుడుచుకుని కాగితం పరిచాడు. ఇద్దరూ గంటసేపు తలలు వంచి చూశారు. అనుమానం నిజమే. గీసినవాడే ఒక కొలత వదిలేశాడు.

అప్పట్నుంచి అద్దాల గదిలో రెండో కుర్చీ పడింది. శాంపిలన్న పొద్దున మెషిను మీద, మధ్యాహ్నం ఆ కుర్చీలో. అత్తగారు ఇప్పటికీ మోటారుకు చిన్నల్లుణ్ణే పిలుస్తుంది. అతనికి ఇప్పటికీ చురుక్కుమంటుంది.

ఆ ఏడాది చివర అతను కూడా పరీక్ష రాశాడు. డెబ్బై ఒక్క మార్కులతో పాసయ్యాడు. భార్య మరిదికి ఫోను చేసి చెబితే అతను నిజంగానే సంబరపడ్డాడు. మాటల్లో మాటగా తన మార్కులు కూడా చెప్పాడు, డెబ్బై నాలుగు.

తర్వాతి ఆదివారం శాంపిలన్న టీచరమ్మ ముందుగదిలో తన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. పాసయ్యావు కదా, ఇంకా ఏం కావాలని ఆవిడ అడిగింది.

"మళ్ళీ రాస్తానండి," అన్నాడతను, పెన్సిలు చెక్కుకుంటూ. "మూడు మార్కులు తక్కువొచ్చాయి."

"దేనికి తక్కువ?"

అతను పెన్సిలు మొన వేలితో చూసుకున్నాడు. ఆవిడ గుచ్చి గుచ్చి అడగలేదు. కొత్త కాగితం తీసి బల్ల మీద పెట్టింది.