ముగ్గులో ఒక పూట కాపురం

నా చిన్నప్పుడు మేము ఒక రోజంతా గోడలు లేని ఇంట్లో కాపురం చేశాం. మేమంటే అమ్మమ్మా తాతయ్యా, నలుగురు మామయ్యలు, నలుగురు అత్తయ్యలు, వాళ్ళ పిల్లలు పదిమంది, చివర్లో నేను. మొత్తం ఇరవై ఒక్కమందిమి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే ఏదో ఆట అనుకుంటారు. ఆట కాదు, మా తాతయ్య కొత్త ఇంటికి ముగ్గు పోయించిన రోజది.

అంతకు ముందు మాది తాటాకు ఇల్లు. ఒక్కో మామయ్యకు పెళ్ళయినప్పుడల్లా ఇంటి చూరుకు ఒక్కో పంచ దించుకుంటూ పోయారు. చివరికి ఏ గదిలోకి వెళ్ళాలన్నా ఇంకొకరి గదిలోంచి దగ్గుకుంటూ వెళ్ళాల్సిన పరిస్థితి వచ్చింది. మాది నల్లరేగడి నేల కదా, ఎండాకాలం వస్తే నెర్రెలు విచ్చేది. నేలతో పాటు గోడలూ విచ్చేవి. కల్లంలో ఎండిన మిరపకాయలు ఇంట్లోకి చేరాక మరీ కష్టం. ఒక పక్క బస్తాలు, ఒక పక్క పత్తి, మధ్యలో మనుషులం. ఒకరు తుమ్మడం మొదలుపెడితే ఇల్లంతా అందుకునేది. ఆ ఏడు మిరప బాగా పండింది, ధర కూడా పలికింది. తాతయ్య పెంకుటిల్లు కట్టి తీరాలని పట్టుబట్టాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆ ఇంటి పిల్లనే, కానీ పూర్తిగా కాదు. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. నాన్న ఎక్కడో ఆనకట్ట పనుల దగ్గర గుమాస్తా. మిరపకాయలు కల్లాల నుంచి లేచాక వచ్చి తీసుకెళ్తానని చెప్పి నన్ను ఇక్కడ దించి వెళ్ళాడు. ఏ ఏటి మిరపకాయలో చెప్పలేదు. అప్పటికి మూడు పంటలు కల్లాల నుంచి లేచాయి. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని అత్తయ్యలు గుసగుసగా అనుకుంటుంటే విన్నాను, విననట్టు ఊరుకున్నాను.

నా బట్టలు ఒక రేకుపెట్టెలో ఉండేవి. వాటిని తీసి ఇంకెక్కడా సర్దనిచ్చేదాన్ని కాదు. ఉతికి ఆరేసినవి మళ్ళీ ఆ పెట్టెలోకే వెళ్ళేవి. నాకంటూ మంచం కూడా లేదు. ఏ అత్తయ్య పిల్లల పక్కన కాస్త జాగా ఉంటే అక్కడ ముడుచుకునేదాన్ని. నన్ను కసిరినవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు. అన్నం అందరితో తినేదాన్ని, ఆటలు అందరితో ఆడేదాన్ని. దీపాలు పెట్టే వేళకి మాత్రం పిల్లలందరూ ఎవరి అమ్మ దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఇరవైమంది మధ్య అంత ఒంటరితనం ఎలా పట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇల్లు కట్టడానికి పొదిలి వైపు నుంచి ఒక ముసలి సాయిబును పిలిపించారు. తాపీ పనిలో ఆయన చెయ్యి గట్టిదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. పిల్లలందరం మేస్త్రి తాత అనేవాళ్ళం. మాట తక్కువ మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు నేల వంక చూసి, తర్వాత జవాబు చెప్పేవాడు.

తాతయ్య మనసులో ఉన్న ఇల్లు చాలా సులువైనది. మధ్యలో పొడుగాటి చావడి, దానికి అటు రెండు గదులు, ఇటు రెండు గదులు. నాలుగూ ఒకే కొలత, బెత్తెడు తేడా రాకూడదు. సిద్ధాంతి గారు చూసి చెప్పినట్టు ఆగ్నేయాన వంటిల్లు, వెనక మిరప కొట్టు, దాని పక్కనే పురిటిగది, అమ్మమ్మకొక చిన్న గది, ముందు వసారాలో తాతయ్య మంచం. రేపు కొడుకులు విడిపోయినా తగువు లేకుండా పంచుకోవాలి, అంతవరకే ఆయన చూసుకున్నాడు. ఈలోగా అందులో మనుషులు తిరగాలన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు. అప్పట్లో మా వైపు పెద్దలందరూ దాదాపు అలాగే కట్టేవాళ్ళు.

మేస్త్రి తాత తాడు లాగి, మేకులు కొట్టి, చెప్పింది చెప్పినట్టు ముగ్గు పోశాడు. పునాది తవ్వడానికి కూలీలు గునపాలు పట్టుకుని నిలబడితే ఆపాడు. దిక్కులు సిద్ధాంతి గారు చూశారు, కాళ్ళు నేను చూడాలి అన్నాడు. ఒక పూట మీరంతా మీ సామాన్లు తెచ్చుకుని ఈ ముగ్గులో కాపురం చేయండి, గీతల వంక చూడకుండా రోజూ తిరిగినట్టే తిరగండి అన్నాడు. సాయంత్రానికి ఎక్కడ ముగ్గు చెరిగితే అక్కడ గుమ్మం, ఎక్కడ చెరక్కుండా ఉంటే అక్కడ గోడ. అదీ ఆయన పద్ధతి.

తాతయ్యకు నామోషీ అనిపించింది. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వుతున్నారు మరి. అమ్మమ్మ మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా వంటింటి గీతల మధ్య మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. ఫాల్గుణ మాసం, ఎండ ఇంకా ముదరలేదు. మేమంతా ఆరుబయట, లేని ఇంట్లో దిగాం.

పొద్దెక్కకముందే ఇంటి గుట్టు బయటపడింది. బావి దగ్గర నుంచి వంటింటికి నీళ్ళు మోసుకొచ్చే రెండో అత్తయ్య రెండు బిందెలు గది చుట్టూ తిరిగి తెచ్చింది. మూడో బిందెకు విసుగొచ్చి తిన్నగా చిన్నమామయ్య గదిలోంచి నడిచేసింది. చిన్నమామయ్యకు పెళ్ళయి అప్పటికి నాలుగు నెలలు. కొత్త అత్తయ్య ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మిరప కొట్టులో తాతయ్య నిజం బస్తాలే పెట్టించాడు. గాలి తిరిగేసరికి పురిటిగదిలో చాప మీద పడుకోబెట్టిన మూడో అత్తయ్య చంటిపిల్ల తుమ్మి తుమ్మి కందిపోయింది. మేస్త్రి తాత ఎవరినీ ఒక్క మాట అనలేదు. పుల్లతో చూపించాడు, తాతయ్య తలూపాడు. మిరప కొట్టు పెరటి చివరికి పోయింది. బావి నుంచి వంటింటికి నేరుగా దారి వచ్చింది.

పొద్దు వాలాక మేస్త్రి తాత మంచాలు తెప్పించి, ఎవరు ఎక్కడ పడుకుంటారో అక్కడ పడుకోమన్నాడు. నులక మంచాలు, చాపలు, ఉయ్యాల, అన్నీ గీతల మధ్య అమరాయి. నేను నా రేకుపెట్టె తెచ్చుకుని, ముగ్గు అవతల రాళ్ళకుప్ప పక్కన దాని మీద కూర్చున్నాను. పొద్దుటి నుంచీ నేను ఒక్క గీత కూడా తొక్కలేదు. ఎటు వెళ్ళాలన్నా బయట నుంచి చుట్టి వెళ్ళాను.

మేస్త్రి తాత గదిగదికీ తిరిగి లెక్క చూసుకుని, తాతయ్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బాబుగారూ, ఇరవై ఒక్కమంది అని చెప్పారు. నాకు ఇరవై మందే తేలారు."

తాతయ్య నా వంక చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. "దానిదేముందిలే మేస్త్రీ. వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్తాడు. కొన్నాళ్ళ ముచ్చట" అన్నాడు.

మూడో అత్తయ్య అటు తిరిగి పడుకుంది. లెక్కలో ఉన్నాను కానీ ముగ్గులో లేనని నాకప్పుడు అర్థమైంది. తాతయ్య మీద చాలాకాలం కోపం ఉండేది. పెద్దయ్యాక తెలిసింది, అది పిసినారితనం కాదు. నాకొక గది గీయిస్తే మీ నాన్న ఇక రాడని నా ముఖాన చెప్పినట్టవుతుంది. ఆ మాట చెప్పడం ఆయన వల్ల కాలేదు.

మేస్త్రి తాత ముగ్గు చేట తీసుకుని వెళ్ళి, అమ్మమ్మ గదికీ వసారాకీ మధ్య ఒక మంచమంత చోటు గీశాడు. అందరూ నేను సంతోషిస్తాననుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పరుగున వెళ్ళి కాలితో ఆ గీత చెరిపేశాను. నేనిక్కడ ఉండను, మా నాన్న వస్తాడు అని అరిచాను. ఆయన మళ్ళీ పోశాడు. నేను మళ్ళీ చెరిపాను. మూడోసారికి చెరుపుతూ చెరుపుతూ ఏడుపొచ్చేసింది. అమ్మమ్మ లేచి రాబోతే ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆ మట్టిలోనే నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"చూడమ్మాయ్, నేను ఏడాదిలో పది నెలలు ఊళ్ళు పట్టుకునే తిరుగుతా. పొదిలిలో మా ఇంట్లో నా మంచం ఎవరూ ఎత్తరు. చోటుంది గదా అని నేను ఇంట్లోనే కూర్చున్నానా?"

ఆయన అలవాటు ప్రకారం నేల వంక చూశాడు. నేను చెరిపిన చోట మూరెడు మేర ముగ్గు లేదు. అవతల బండ్లబాట.

"ఇక్కడ చెరిపావు. అంటే నీ గుమ్మం ఇక్కడే. బాట మీదికే పెడతా. మీ నాన్న వస్తే ఒకళ్ళ గదిలోంచి వెళ్ళే పన్లేదు, ఇట్నుంచి ఇటే వెళ్ళిపోవచ్చు. వచ్చేదాకా పడుకోవడానికి చోటు కావాలిగా మరి."

నేను ముక్కు తుడుచుకుంటూ ఆ ఖాళీ వంక చూశాను. ఉండిపొమ్మని ఆయన అనలేదు. మీ నాన్న రాడనీ అనలేదు, వస్తాడనీ అనలేదు. ఆ మూడేళ్ళలో నాతో అబద్ధం లేకుండా మాట్లాడిన పెద్దమనిషి ఆయనొక్కడే అనిపిస్తుంది.

అడ్డం వచ్చింది తాతయ్య. ఇంటికి గుమ్మాలూ కిటికీలూ కలిపి సరిసంఖ్యలో ఉండాలి, ఇదొకటి పెరిగితే బేసి అవుతుంది, సిద్ధాంతి గారు ఒప్పుకోరు అన్నాడు. మేస్త్రి తాత లేచి లుంగీ దులుపుకుంటూ, అయితే ఆ గదికే ఒక కిటికీ కూడా పెడదాం, సరిపోతుంది అన్నాడు. తాతయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత "పెట్టు" అన్నాడు. నేను వెళ్ళి నా రేకుపెట్టె తెచ్చుకుని, ఆ గీతల లోపల పెట్టి కూర్చున్నాను.

ఇల్లు పూర్తయ్యేసరికి ఏడాది పట్టింది. నా గది ఎంతో లేదు, ఒక మంచం, మంచం పక్కన రెండడుగుల జాగా. పిల్లలందరూ నా కిటికీ చూసి కుళ్ళుకునేవాళ్ళు. మొదటి ఏడు బట్టలు పెట్టెలోనే ఉంచాను. రెండో ఏడు వానలకు పెట్టె తుప్పు పట్టి, గౌన్లకు మరకలు అంటుకుంటుంటే తీసి గూట్లో సర్దుకున్నాను. సర్దుకోమని ఎవరూ చెప్పలేదు, సర్దానని ఎవరూ గమనించలేదు.

నాన్న ఒక్కసారి వచ్చాడు. తాతయ్య పోయినప్పుడు, పెద్దకర్మ నాడు. నేనప్పుడు పంతులమ్మ ట్రైనింగులో ఉన్నాను. ఆయన వసారాలో మగవాళ్ళతో కూర్చుని, భోజనం చేసి, ఏం చదువుతున్నావని అడిగి, బాగా చదువుకో అని చెప్పి బస్సుకు బయల్దేరాడు. బస్సుకు వెళ్ళాలంటే నా గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. పిలిస్తే వెళ్ళేదాన్నో లేదో నాకు తెలియదు. పిలవలేదు. ఆయన వీపు కనపడినంతసేపూ చూసి, లోపలికొచ్చి తలుపు వేసుకుని నా మంచం మీద పడి ఏడ్చాను. చిన్నప్పటిలా పక్కన పడుకున్న పిల్లలు లేస్తారేమోనని నోరు నొక్కుకోకుండా, గట్టిగా, తీరేదాకా ఏడ్చాను. అలా ఏడవగలిగినందుకు పొదిలి మేస్త్రికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత ఉద్యోగం పేరుతో చాలా ఊళ్ళు తిరిగాను. చాలాకాలంగా ఒక్కదాన్నే ఉంటున్నాను. చదువుకోవడానికి వచ్చే చుట్టాల పిల్లలు, ఇంట్లో మాట పడి వచ్చేసిన ఆడపిల్లలు, ఎవరో ఒకరు నా గడపలోకి వస్తూనే ఉంటారు. కాళ్ళు కడుక్కోగానే నేను చేసే మొదటి పని అలమరలో ఒక అర ఖాళీ చేసి, నీ బట్టలు ఇక్కడ పెట్టుకోమని చూపించడం. నాలుగు రోజులుండి వెళ్ళినవాళ్ళున్నారు, తొమ్మిదేళ్ళున్న పిల్ల ఒకతి ఉంది. వెళ్ళిన ప్రతిసారీ ఇల్లు బావురుమంటుంది. అలవాటైపోయిందని చెబితే అబద్ధమే. అయినా వచ్చినవాళ్ళని, ఎన్నాళ్ళుంటావని మాత్రం ఇంతవరకూ అడగలేదు.