పొగ రాని బొగ్గు

నా చిన్నప్పుడు పొగ ఉంటేనే భయపడాలని, పొగ లేని నిప్పు మంచిదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకం పోయిన రోజున నాకు ఎనిమిదేళ్లు.

మాది చిత్తూరు. మా అమ్మ నాయన, అంటే మా తాతయ్య, చీకుల బండి పెట్టేవాడు. పొడుగాటి ఇనప పొయ్యి, దాని మీద అడ్డంగా చువ్వలు, చువ్వలకు గుచ్చిన మాంసం ముక్కలు, ఆయన చేతిలో తాటాకు విసనకర్ర. బొగ్గు అంటుకోగానే చువ్వలు పెట్టే రకం కాదాయన. పొగంతా పోయి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కట్టేదాకా ఆగేవాడు. ఆకలితో నిలబడ్డవాళ్లు ఎంత విసుక్కున్నా సరే. "పొగ బొయినాకే బొగ్గు సాధువైతాదప్పా, అప్పుడే చువ్వ బెట్టాల" అనేవాడు. ఆయన మాట మాకు వేదం.

ఆ ఏడు మా చిన్నమ్మ కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టి పదిరోజులు కాకముందే తుపాను ముసురు పట్టుకుంది. గోడలన్నీ చెమ్మ, బిడ్డ గుడ్డలు ఆరవు. బాలింత గదిలో కుంపటి పెట్టడం మాకు మామూలే. మా అవ్వ కట్టెల పొయ్యిలోని నిప్పులు తీసి పెడితే ఆ పొగకు పసిబిడ్డ దగ్గింది. పొగ రాని బొగ్గు ఇంట్లోనే ఉండగా ఈ పాట్లెందుకని అవ్వకు తోచింది. తాతయ్యకు అది గొప్పగా అనిపించింది. వాన తెరిపిస్తే బండి పెడదామని ఆయన మధ్యాహ్నమే వసారాలో బొగ్గు రాజేసుకున్నాడు. అందులోంచి బాగా తెల్లబడ్డవి ఏరి, తన చేత్తోనే కుంపటి నింపి గదిలో పెట్టాడు. నన్ను కాపలా కూర్చోబెట్టి, "కిటికీ మాత్రం మూయొద్దు పాపా" అని చెప్పి వెళ్లాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

బాలింతకు గాలి తగలకూడదని తలుపు ఎలాగూ మూసే ఉంది. చిన్నమ్మ బిడ్డకు పాలిచ్చి నిద్రపోయింది. ఇంతలో జల్లు కిటికీలోంచి మంచం మీదికి కొట్టసాగింది. బిడ్డ తడుస్తుందని నేను లేచి రెక్క మూసి గడియ పెట్టాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా, నా మొహం! కాసేపటికి కణతలు నొప్పి పుట్టాయి, కడుపులో తిప్పింది. గదిలో ఏ వాసనా లేదు, పొగ అసలే లేదు. బయటికి వచ్చి తలుపు మళ్లీ దగ్గరికి వేసి అవ్వకు చెప్తే, "కాపలా తప్పించుకోను సాకులే నీకు" అని నవ్వేసింది.

వసారాలోకి పోయి తాతయ్య పక్కన కూలబడ్డాను. ఆయన చువ్వలు తుడుస్తున్నాడు.

"ఏం పాపా, అట్లుండావు?"

"తల నొస్తాండాది తాతా. కక్కొచ్చేట్టుండాది."

"కిటికీ?"

"జల్లు కొడతాంటే మూసినా."

ఆయన చేతిలోని చువ్వలు నేల మీద పడ్డాయి. తాతయ్య పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే. కాలుతున్న కుంపటిని ఉత్త చేతులతో పట్టుకొచ్చి వానలోకి విసిరేశాడు. ఎంత పిలిచినా చిన్నమ్మ పలకలేదు. ఆమెను చంకల కింద పట్టి వసారాలోకి ఈడ్చుకొచ్చాడు. అవ్వ బిడ్డను తెచ్చింది. బిడ్డ మెడ వాలిపోయి ఉంది. బుగ్గలు మాత్రం ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపించాయి. ఆ ఎరుపంటే నాకిప్పటికీ భయమే. అవ్వ బిడ్డ అరికాళ్లు రుద్దుతూ దేవుళ్లందరినీ పిలుస్తోంది. ఎంతసేపటికో బిడ్డ పిల్లికూనలా మూలిగి, తర్వాత ఏడ్చింది. చిన్నమ్మ సాయంత్రానికి లేచి కూర్చుంది. మూసిన గదిలో పొగ లేని బొగ్గు కూడా వాసన లేని విషగాలి వదులుతుందని, బుగ్గల ఎరుపు దాని పనేనని నాకు పెద్దయ్యాక తెలిసింది.

కిటికీ ఎవరు మూశారని అవ్వ అడిగింది. తాతయ్య నా వైపు చూడకుండా "గాలికి పడుంటాదిలే" అన్నాడు.

మర్నాడు చేతులకు గుడ్డలు చుట్టుకుని, నన్ను పక్కన పెట్టుకుని, ఆ కిటికీ రెక్క ఊడదీశాడు. దాన్ని చిత్రిక పట్టి బండి మీద చువ్వలు పెట్టే పలకగా బిగించాడు. "మూసింది నువ్వు. బొగ్గు సాధువైతాదని ఊరంతా చెప్పుకున్న పాపిష్టోణ్ణి నేను. ఇద్దరం దీన్ని దినామూ సూస్తాండాల" అన్నాడు. ఆ తర్వాత ఆ సాధువు మాట ఆయన నోట రాలేదు. జనం విసుక్కుంటే ఊరికే విసనకర్ర ఊపేవాడు.

మొన్న తిరుపతిలో మా మనవడు ఆన్‌లైన్లో మూత ఉన్న బొగ్గుల గ్రిల్లు తెప్పించాడు. పటకార్లు, బ్రష్షు, మాంసానికి పొగ పట్టించే చెక్కముక్కలు, అబ్బో, పెద్ద సరంజామానే. బాల్కనీలో ముట్టించాక వాన వచ్చింది. దాన్ని హాల్లోకి లాగి, అద్దాల తలుపు మూసి, "పొగ రావట్లేదు కదా అవ్వా" అన్నాడు. అందరి మీదా అరిచి, గ్రిల్లును మళ్లీ బాల్కనీలోకి తోయించి, తలుపు బార్లా తెరిచి నిలబడ్డాను. ముసలమ్మకు చాదస్తం ఎక్కువైందని పిల్లలు నవ్వుకున్నారు.

సోఫాలో మా చిన్నమ్మ కూతురు కూర్చుని ఉంది. ఆనాటి పసిబిడ్డ ఇప్పుడు తనూ నలుగురు మనవలున్న అవ్వ. కిటికీ రెక్క గాలికి పడిందన్న సంగతే ఆమెకు తెలుసు.

"అక్కా, చలిగా ఉండాది. ఆ తలుపు మూయరాదా?" అంది.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఎప్పటిలాగే. నా శాలువా తీసి ఆమెకు కప్పాను. తలుపు మాత్రం మూయలేదు.