కమిటీ నడుపుతుందన్న మాట

బాపట్లలో ఇంగ్లీషు చెప్పిన ముప్పై రెండేళ్ళలో లాజరు మాస్టారిని పిల్లలకన్నా ఎక్కువ విసిగించింది ‘రన్’ అనే మాట. పరిగెత్తడం అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడానికి లేదు. ఇంగ్లీషులో కుళాయి నీళ్ళూ పరిగెడతాయి, జలుబు చేస్తే ముక్కూ పరిగెడుతుంది. మనం నడిపే బడినీ, బస్సునీ, కొట్టునీ వాళ్ళు పరిగెత్తిస్తారు. “మనకి నడిచేవన్నీ వాళ్ళకి పరిగెడతాయిరా, రాసుకోండి!” అని ఆయన సుద్దముక్క విరిగేదాకా బోర్డును పొడిచేవారు. పరీక్షలో మాత్రం సగం మంది ‘మా నాన్న కిరాణా కొట్టులో పరిగెత్తును’ అనే రాసేవారు.

రిటైరయ్యాక ఆ ఇంగ్లీషే ఆయనకి మరో పని తెచ్చిపెట్టింది. చుట్టుపక్కల చర్చిల్లో కూటాలు పెడితే, బయటి రాష్ట్రాల బోధకుల ప్రసంగాలని తెలుగు చెయ్యడానికి ఆయన్నే పిలిచేవారు. వేరే ఎవరైనా తర్జుమా చేస్తుంటే ముందు వరుసలో కూర్చుని “కాదు, కాదు” అని పైకే అనేసేవారు. తప్పు చెవిన పడితే ఊరుకోలేని మనిషి.

పోయిన ఫిబ్రవరిలో రేపల్లెలో మూడురోజుల కూటాలు పెట్టారు. షిల్లాంగ్ నుంచి వచ్చిన అతిథి బోధకుడు మంచివాడే కానీ, నోరు తెరిస్తే ‘రన్’. తన తండ్రి బడి రన్ చేశాడు, ఊళ్ళో బావిలో నీళ్ళు రన్ డ్రై అయ్యాయి, ఒంట్లో జ్వరం రన్ అయింది. మాస్టారు ‘నడిపాడు’, ‘ఇంకిపోయాయి’, ‘కాసింది’ అంటూ వెంటపడుతున్నారు. పక్కన స్పీకరు గీపెడుతోంది. బయట ఆటోవాడు హారన్ ఆపడు.

రెండో రోజు సాయంత్రం ఆ బోధకుడు స్టెల్లా గురించి మాట్లాడాడు. స్టెల్లాది రేపల్లే. పగలు తెనాలిలో బట్టలషాపులో పనిచేసి, రైల్లో తిరిగొచ్చి, చర్చి వెనక గదిలో నలభైమంది పిల్లలకి ఉచితంగా ట్యూషన్ చెబుతుంది. ఆమెని మెచ్చుకుని, ఆఖర్న తనని పంపిన మిషన్ కమిటీ మాటెత్తి ఆయన “ఐ విల్ రన్ ఇట్ బై ద కమిటీ” అన్నాడు.

“ఇకనించి ఈ ట్యూషన్‌ని కమిటీ నడుపుతుంది!” అని మాస్టారు గొంతెత్తి చెప్పారు.

చప్పట్లు మోగిపోయాయి. పాస్టరు దావీదు అయ్యగారు మైకు లాక్కుని అదే మాట మరో రెండుసార్లు చెప్పారు.

కూటం అయ్యాక అయ్యగారింట్లో టీ తాగుతూ అతిథి అడిగాడు, జనం అంతగా ఎందుకు సంతోషించారని. మాస్టారు చెప్పారు. అతిథి కప్పు కింద పెట్టేశాడు. “నేనలా అన్లేదే. కమిటీ చెవిన వేస్తాను, వాళ్ళేమంటారో చూద్దాం అన్నాను.”

మాస్టారి ముఖం కందిపోయింది. ఆ ప్రయోగం ఆయనకి తెలియనిది కాదు. ఆ గోలలో, వినాలనుకున్నదే వినేశారు.

“రేపు మైకులో సరిచేసి చెప్తానండి,” అన్నారు అయ్యగారితో.

“ఇప్పుడెందుకండి మాస్టారూ? జనం సంతోషంగా ఉన్నారు. కమిటీ ఒప్పుకోకూడదని ఏముంది?”

“ఒప్పుకుంటే అప్పుడు చెబుదురుగాని!”

తెల్లారి, మాస్టారు బస చేసిన అయ్యగారింటికి స్టెల్లా వచ్చింది. అప్పటికి ఆమె తెనాలి రైల్లో ఉండాలి. “మాస్టారూ, షాపు మానేస్తున్నానని ఓనరుగారికి ఫోన్ చేసి చెప్పేశానండి,” అంది నవ్వుతూ. “కమిటీయే జీతమిస్తుంది కదా, ఇక పొద్దున్నించే పిల్లల్ని చూసుకోవచ్చు.”

మాస్టారు కుర్చీలోంచి లేచారు. “నాకో మాట చెప్పి మానకూడదటమ్మా?” అని అరిచేశారు. వెంటనే సిగ్గేసింది. తప్పు తనది, కేకలు ఆ పిల్ల మీదా? మళ్ళీ కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పారు.

స్టెల్లా సంచీలోంచి ఫోన్ తీసింది. “ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పారు కదండీ,” అంది. ఏడిచినా బాగుండేది.

అక్కడే నిలబడి ఓనరు వెంకటకృష్ణయ్యకి ఫోన్ చేసింది. ఆయన గొంతు బయటికి వినిపిస్తోంది. “ఏంటమ్మా, రాత్రేమో రానన్నావు, ఇప్పుడేమో వస్తానంటున్నావు! ఏదో ఒకటి తేల్చి చెప్పు.”

“ఆవిడ తప్పు కాదండి, నాది!” అని మాస్టారు ఫోన్‌కేసి అరిచారు.

“మధ్యలో ఈయనెవరు?”

“మా మాస్టారండి,” అంది స్టెల్లా నీరసంగా. “బస్సుకి వచ్చేస్తున్నానండి.”

ఆ సాయంత్రం ప్రసంగానికి ముందే మాస్టారు మైకు పట్టుకున్నారు. “నిన్న నేను తప్పు చెప్పాను. ఆయన కమిటీకి చెప్పి చూస్తానన్నారంతే. నడుపుతామనలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.”

పిల్లల్ని ట్యూషన్‌కి పంపే నాగమ్మ చాపమీంచి లేచింది. “మాస్టారూ, మీరు నిన్న చెప్పిందే బాగుందండి. అదే ఉంచెయ్యండి.”

“బాగుంటే ఏం లాభం, అది ఆయనన్న మాట కాదమ్మా!”

“ఆయన మళ్ళీ అంటాడేమో అడగండి.”

జనం నవ్వారు. మాస్టారు జేబురుమాలుతో మెడ తుడుచుకుని తర్జుమాకి దిగారు. ఆ రోజు అనుమానం వచ్చిన ప్రతిచోటా బోధకుణ్ణి ఆపి అడిగారు. గంట ప్రసంగం రెండు గంటలైంది. అయ్యగారు గడియారం చూపిస్తున్నా పట్టించుకోలేదు.

ఏప్రిల్‌లో కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడు వీలుపడదనీ, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటామనీ. అయ్యగారు దాన్ని మడిచి సొరుగులో పెట్టేశారు. స్టెల్లాకి ఫోన్ చేసి చెప్పింది మాస్టారే.

“అనుకున్నదేలెండి,” అంది ఆమె. “పదో తరగతి వాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవాళ్ళు లేరండి. శనివారం నాకు షాపు సెలవే, మీరు రండి,” అంది. అడిగినట్టు లేదు, పురమాయించినట్టుంది.

“బాపట్ల నుంచా? తెనాలిలో దిగి మళ్ళీ రేపల్లె బండి పట్టుకోవాలి. నా మోకాళ్ళ సంగతి తెలుసా నీకు?”

“తెలుసండి. మూడింటికల్లా రండి.”

శనివారం ఆయన వెళ్ళారు. రేపల్లె బండి దారిలో ముప్పావుగంట ఆగిపోయింది. గదిలోకి అడుగుపెట్టేసరికి పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఫ్యాను తిరగడం లేదు. స్టెల్లా గుమ్మంలోనే నిలబడి ఉంది.

“మూడన్నాను కదండీ మాస్టారూ.”

“రైలుకి చెప్పు!” అని విసుక్కుంటూ చెప్పులు విడిచి, ఆయన సుద్దముక్క కోసం చెయ్యి చాపారు.