రెండు సీట్ల కారు, నాలుగు పాత చక్రాలు

మా ఆయన కారు షెడ్డులోకి చెప్పులు విప్పి వెళ్ళేవారు. హారతికి పిలిస్తే "వస్తున్నా" అంటూ అరగంట చేసే మనిషి, ఆ రేకుల షెడ్డు ముందు మాత్రం చెప్పులు జతగా సర్ది మరీ లోపలికి అడుగు పెట్టేవారు. "అందులో ఏ దేవుడున్నాడండీ?" అని అడిగితే, "దుమ్ము రాకూడదే, పాలిష్ మీద గీతలు పడతాయి" అనేవారు. అబద్ధం. ఆయనకది గుడే.

ఆ కారు రాజమండ్రిలో ఒక ముసలి లాయరు గారి పెరట్లో టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉంటే కొని తెచ్చారు. తలుపులు రెండే, సీట్లు రెండే. "మనిద్దరికీ చాలు" అన్నారు. "మనిద్దరికీ మంచం కూడా చాలుతుంది, దానికి పెట్రోలు పొయ్యక్కర్లేదు" అన్నాను. దాంతో పాటే గోనెసంచుల్లో చుట్టిన నాలుగు అల్లాయ్ చక్రాలు వచ్చాయి. అవి కంపెనీ ఇచ్చినవి కావు. ఆ రోజుల్లో షోకు చేసే కుర్రకారు కారుతో వచ్చిన ఇనుప చక్రాలు పీకేసి, బయట కొని తగిలించుకునే రకం. ఐదు రేకుల పువ్వులా ఉంటాయి. మా దగ్గరికి వచ్చేసరికి ఆ పువ్వు మీద ఎవరో వెండి రంగు కొట్టేసి ఉన్నారు. దాని కింద అల్యూమినియం తెల్లగా పొంగి, గోకితే సున్నంలా రాలేది.

"ఇనుపవి బాగానే ఉన్నాయిగా, వాటి మీదే నడపండి."

"వాటి మీద నడిస్తే ఇదీ అందరి కార్ల లాంటిదే."

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ మేనేజరు ఆయన. రోజంతా చేపల లారీల వాళ్ళతో అరిచి వచ్చి, లుంగీ కట్టుకుని షెడ్డులో కూర్చునేవారు. పాత రంగు మందు రాసి ఊడగొట్టడం, పగుళ్ళు తేలిన అంచులు ఆకురాయితో అరగదీయడం, ఆ తరవాత గరుకు కాగితం నీళ్ళలో ముంచి రుద్దడం, ఇంకా సన్నటి కాగితంతో మళ్ళీ రుద్దడం. నా మొహం వైపు అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. "నీ మొహానికి తుప్పు పట్టలేదు కదే" అన్నారు.

చక్రాలకి పట్టిన తుప్పు వదులుతుంటే, ఆయన ఒంట్లో షుగరు పెరుగుతోంది. పాదాలు మొద్దుబారుతున్నాయని ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

ఒక ఉదయం హాల్లో తెల్ల టైల్స్ మీద ఎర్రటి అడుగులు కనపడ్డాయి. లక్ష్మీదేవి పాదాలనుకోలేదు లెండి. షెడ్డు నుంచి వంటింటి దాకా వరసగా ఉన్నాయి, అన్నీ ఎడమ పాదానివే. ఆయన తాపీగా కాఫీ తాగుతున్నారు. కూర్చోబెట్టి కాలెత్తి చూస్తే, అరికాల్లో అల్యూమినియం ములుకు ఒకటి దిగబడి ఉంది. దాని చుట్టూ చర్మం అప్పటికే నల్లబడింది. ఎవరిదో కాలు చూసినట్టు చూశారు.

"నొప్పి లేదే" అన్నారు.

ఆ మాటకి నాకు ధైర్యం వచ్చింది. డిగ్రీ దాకా చదివాను. నొప్పి లేకపోవడమే అసలు భయపడాల్సిన సంగతని నాకు తెలియలేదు.

పుండు మానలేదు. ముందు వేళ్ళు తీశారు. తరవాత పాదం అన్నారు. చివరికి మోకాలి కింది దాకా వెళ్ళింది. నేను డాక్టరుతో వాదించాను, నర్సుతో వాదించాను, క్యాంటీన్లో ఇడ్లీ చల్లారిందని కూడా వాదించాను. చూడ్డానికి వచ్చిన చుట్టం ఒకాయన "పోనీలెండి, ఎడమ కాలే కదా" అని ఓదార్చాడు. క్లచ్ ఏ కాలితో తొక్కుతారో ఆయనకి తెలియదు. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఇంటికొచ్చాక మొదటి మాట, "నాలుగో చక్రం మిగిలిపోయింది."

"దాన్ని కాలవలో పారేస్తాను."

"పారెయ్. మూడు చక్రాల మీద నడుపుదువు గాని."

పారేయలేదు. చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని రుద్దారు. మెకానిక్కుని పిలిచి తొడిగిస్తే, ఇనుప చక్రాల నట్లు ఈ మందానికి రెండు చుట్లు కూడా పట్టలేదు. పొడుగు నట్లు లేతు మీద చేయించారు. అన్నీ బిగించి కారు కిందికి దించిన రోజున, నిజం ఒప్పుకోవాలి, షెడ్డంతా వెలిగింది.

కట్టుడు కాలు పెట్టుకుని ఆయనే ఎక్కారు. ఆ పాత బండి క్లచ్ బరువు. కాలు పక్కకి జారిపోయేది. తొక్కిందీ లేనిదీ తెలిసేది కాదు. బండి గేటు దాకా కూడా రాలేదు. ఇంజను ఆపేసి, తాళం నా చేతిలో పెట్టారు.

"నువ్వు నడుపు" అన్నారు ఆఖరికి.

"నా స్కూటీకే గేర్లు లేవు. నాకేం వచ్చు?"

"గేర్లు నేను వేస్తాను. నువ్వు క్లచ్ తొక్కు."

అలా మొదలైంది. పొద్దున్నే కాలవ గట్టు రోడ్డు మీద, కుడి పక్క స్టీరింగుతో నేను, ఎడమ పక్క ఆయన, మధ్యలో గేరు మీద ఆయన చెయ్యి.

"తొక్కు."

"తొక్కాను."

"పూర్తిగా తొక్కవే, చీమని కాదు."

"నోరు మూసుకుని గేరు వెయ్యండి."

ఎదురుగా చేపల లారీ ఉప్పునీళ్ళు కారుస్తూ వస్తే "పక్కకి, పక్కకి! చక్రాలు!" అని కేకలు. నన్ను కాపాడమని కాదు, చక్రాలని. కొన్ని నెలలు అలా తిరిగాం. ఆ చెయ్యి మళ్ళీ డ్రైవరు చెయ్యి అయింది. ఫ్యాక్టరీ మానేసిన మనిషికి పొద్దున్నే లేవడానికి ఆ పని ఒకటి దొరికింది.

ఒకరోజు కాలవ లాకుల దగ్గర ఆపమన్నారు.

"దిగుతాను. ఇవి తిరుగుతుంటే నేనెప్పుడూ చూడలేదే. లోపల కూర్చుంటే ఏం కనపడుతుంది?"

"మరి గేరో?"

"ఫస్టులోనే వెళ్ళిరా."

చంకకర్ర ఆనించుకుని గట్టు మీద నిలబడ్డారు. నేను కదిలాను. ఇంజను గోల పెడుతోంది. నా ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్ళి సెకండు వేసింది, తరవాత థర్డు. వంతెన వచ్చాక గాని నేనేం చేశానో తెలియలేదు. నెలల తరబడి పక్కన చూస్తూ చూస్తూ నేర్చేసుకున్నాను. వెనక్కి తిప్పుకుని వచ్చి, ఏమీ ఎరగనట్టు ఆపాను.

"థర్డులోకి వెళ్ళావు" అన్నారు. "విన్నాను."

"చక్రాలెలా ఉన్నాయి?"

"బాగున్నాయి. రేకులన్నీ కలిసిపోయి వెండి పళ్ళేల్లా తిరిగాయి."

ఎక్కి కూర్చున్నారు. నేను క్లచ్ తొక్కి, "వెయ్యండి" అన్నాను.

"నువ్వే వేసుకో. వచ్చుగా."

"రాదు. ఏదో గుడ్డిగా పడింది."

కుడి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. దారంతా వాదించాను. గేర్ల గురించి, ఆయన మొండితనం గురించి, నోటికొచ్చిన ప్రతిదాని గురించీ. మాటకి మాట అనే మనిషి ఒక్కదానికీ తిరిగి అనలేదు. ఆ చెయ్యి మళ్ళీ గేరు మీదికొస్తుందేమోనని, మలుపు దగ్గర కావాలనే క్లచ్ సగమే తొక్కి గేరు తోశాను. లోపల పళ్ళు గరగర రాసుకున్నాయి. ఆయన మొహం నొప్పితో ముడుచుకుంది. చెయ్యి మాత్రం మోకాలి మీంచి తియ్యలేదు.